కూలెంట్ ఎటు పోతోంది? పాత పికప్ లీకుల వెనక నూట పాతికేళ్ళ కథ

పాత పికప్ ట్రక్కులు నడిపే మన శ్రోతలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "వారం వారం కూలెంట్ తగ్గుతోందండీ. డ్రైవ్‌వే మీద చూస్తే చుక్క కూడా లేదు. పోస్తూ పోతే సరిపోతుందా, లేక విప్పించాలా?" ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకి జవాబే. కాకపోతే మనది చరిత్ర పాడ్‌కాస్ట్ కదా, అందుకని జవాబు 1886 నుంచి మొదలైంది. ఆడియోలో గబగబా దాటేసిన లెక్కల్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాం.

ముందే చెప్పేస్తాం. కూలెంట్ మాయం కాదు. నేటి బండిలో అది మూసి ఉన్న దారిలో తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో ఒకచోట బయటికి పోతోంది, లేదా ఇంజన్ లోపలికే పోతోంది. అది పోయే చోట్లు కూడా ఇష్టం వచ్చినట్టు ఉండవు. ఒక్కో అతుకు ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం ఇంజన్‌లోకి వచ్చింది. ఆ అవసరం ఏమిటో తెలిస్తే టార్చిలైటు ఎటు తిప్పాలో తెలుస్తుంది.

నీళ్ళు తాగిన బండి

ఇంజన్‌లో ఇంధనం కాలితే పుట్టే వేడిలో, స్థూలంగా చెప్పాలంటే, మూడో వంతు మాత్రమే బండిని కదిలిస్తుంది. మరో మూడో వంతు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన దాన్ని బయటికి పంపకపోతే పిస్టన్లు బిగుసుకుపోతాయి. కార్ల్ బెంజ్ 1886లో పేటెంట్ పొందిన మూడు చక్రాల బండి ఈ వేడిని చాలా తేలిక దారిలో వదిలించుకుంది. సిలిండర్ చుట్టూ నీళ్ళు ఉండేవి, అవి మరిగి ఆవిరైపోయేవి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, సుమారు 100 కిలోమీటర్లు, ఆ బండిలోనే వెళ్ళారు. దారి పొడుగునా దొరికిన చోటల్లా నీళ్ళు పట్టి పోయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో నీళ్ళు తగ్గడం రోగం కాదు. బండి పనిచేసే పద్ధతే అది.

ఆ పద్ధతిని మార్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1900 చివర్లో డైమ్లర్ కంపెనీ తయారుచేసిన 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కి ఆయన తేనెపట్టు లాంటి రేడియేటర్ పెట్టాడు. 8,070 సన్న గొట్టాలు, మధ్యలో గాలి, చుట్టూ నీళ్ళు. మొత్తం 9 లీటర్ల నీళ్ళతో పని జరిగిపోయింది. వేడెక్కిన నీళ్ళు చల్లారి మళ్ళీ ఇంజన్‌లోకి తిరిగొచ్చేవి.

కానీ 8,070 గొట్టాలంటే ఎన్ని అతుకులో ఆలోచించండి. నీళ్ళు తిరిగి రావాలి అని అనుకున్న రోజు నుంచే, తిరిగి రాని నీళ్ళకి "లీకు" అన్న పేరు వచ్చింది.

ఫోర్డ్ తీసేసిన పంపు

1908లో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. మొదటి 2,500 చిల్లర బళ్ళకి వాటర్ పంపు ఉండేది. ఆ తర్వాత ఫోర్డ్ దాన్ని తీసేశాడు. వేడి నీళ్ళు తేలికై పైకి పోతాయి, చల్లారినవి బరువై కిందికి దిగుతాయి. ఆ కదలిక చాలన్నాడు. చిన్న ఇంజన్‌కి నిజంగానే చాలింది. పంపు లేదు కాబట్టి పంపు లీకు అన్న మాటే లేదు.

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ అదే మోడల్ టీకి వెనక తొట్టి కట్టి, "పికప్ బాడీ" అని పేరు పెట్టి, 281 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. ఫ్యాక్టరీ నుంచే ఆ పేరుతో వచ్చిన ఫోర్డ్ పికప్ అది. రైతులు, చిన్న వ్యాపారులు కొన్నారు. తొట్టి ఉంటే బరువు వేస్తారు. బరువు పెరిగితే ఇంజన్ పెద్దదవ్వాలి, ఇంజన్ పెద్దదైతే వేడి పెరుగుతుంది. ఆ వేడికి నీళ్ళు వాటంతటవి కదిలే వేగం చాలదు. అలా పంపు మళ్ళీ వచ్చింది.

పంపు తిరగాలంటే దాని షాఫ్ట్ ఒక చివర నీళ్ళలో, రెండో చివర బెల్టు దగ్గర ఉండాలి. మధ్యలో తిరిగే సీలు. తిరిగేది ఏదైనా అరుగుతుంది. అందుకే పంపు కింద చిన్న కన్నం వదులుతారు. సీలు అరిగినప్పుడు కూలెంట్ బేరింగులోకి పోకుండా ఆ కన్నంలోంచి కారుతుంది. యజమానికి ముందుగా తెలియాలనే ఆ ఏర్పాటు. మీ ట్రక్కులో మొదట చూడాల్సింది ఆ కన్నమే. దాని కింద ఎండిన ఆకుపచ్చ లేదా నారింజ రంగు చార ఉంటే పంపు రోజులు దగ్గరపడ్డాయి. ఆ కన్నాన్ని ఎమ్‌సీల్‌తో మూసే పని మాత్రం పెట్టుకోకండి. అలా మూస్తే కూలెంట్ బేరింగులోకే పోతుంది.

చలికాలం తెచ్చిన తీపి విషం

నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. పోత ఇనుప ఇంజన్‌కి సాగే గుణం లేదు కాబట్టి పగులుతుంది. అందుకే ఉత్తర అమెరికాలో తొలినాటి కార్లని చలికాలంలో షెడ్డులో పెట్టేసేవాళ్ళు, లేదా రోజూ రాత్రి నీళ్ళు వంచేసేవాళ్ళు. తర్వాత నీళ్ళలో ఆల్కహాల్ కలపడం మొదలైంది. మిథనాల్ 65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. అంటే ఇంజన్ వేడెక్కినప్పుడల్లా కాస్త కాస్త ఎగిరిపోయేది. ఎంత మిగిలిందో తెలియక, ఒక రాత్రి చలి ముదిరితే ఇంజన్ పోయేది.

1927లో నేషనల్ కార్బన్ కంపెనీ ప్రెస్టోన్ పేరుతో ఇథిలీన్ గ్లైకాల్‌ని మార్కెట్లోకి తెచ్చింది. ఇది 197 డిగ్రీల దాకా మరగదు. నీళ్ళతో సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. ఎగిరిపోయే బాధ తీరింది. కానీ గ్లైకాల్ కలిసిన నీళ్ళకి ఉత్త నీళ్ళకంటే తలతన్యత తక్కువ. నీళ్ళు ఆగిపోయే సన్న సందులోంచి కూడా ఇది మెల్లగా పాకుతుంది. పాత హోస్ పైపు చివర క్లాంపు దగ్గర తడి లేకుండా తెల్లటి, ఆకుపచ్చటి పొడి కనపడితే అది ఆ పాకుడే. క్లాంపు బిగించండి. రబ్బరు మెత్తగా ఉబ్బినా, పెళుసుబారినా పైపు మార్చండి.

ఇక్కడ మనవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఆంధ్రలో, తెలంగాణలో ఇంజన్లు గడ్డకట్టే చలి లేదు. లారీలో నీళ్ళ క్యాను ఉండేది, ఘాటు రోడ్డు ఎక్కాక ఆపి రేడియేటర్‌లో నీళ్ళు పోసేవాళ్ళు. ఆ దృశ్యం చూసి పెరిగిన చేయి ఇక్కడ కూడా, మిషిగన్‌లోనో మినసోటాలోనో, కూలెంట్ తగ్గితే కొళాయి నీళ్ళే పడుతుంది. లెక్క చూడండి. సగం సగం మిశ్రమంలో సగం కారిపోయి ఆ చోట నీళ్ళు పోస్తే గ్లైకాల్ 25 శాతానికి దిగుతుంది. అది మైనస్ 12 చుట్టుపక్కలే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఆ ఊళ్ళలో జనవరి రాత్రి ఒక్కటి చాలు. తుప్పు ఆపే మందు కూడా కూలెంట్‌లోనే ఉంటుంది కాబట్టి అదీ సగానికి పడిపోతుంది. కొళాయి నీళ్ళలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. నీళ్ళు కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపండి.

ఇంజన్ బ్లాక్ పక్కన కనపడే గుండ్రటి బిళ్ళల్ని ఇక్కడ అందరూ ఫ్రీజ్ ప్లగ్గులంటారు. చలి నుంచి కాపాడటానికి పెట్టారని పేరు. నిజానికి ఇంజన్ పోత పోసేటప్పుడు లోపలి ఇసుకని తీయడానికి వదిలిన కన్నాల మూతలవి. పల్చటి రేకుతో చేస్తారు కాబట్టి, కూలెంట్ మార్చని బళ్ళలో లోపలి నుంచి తుప్పు పట్టి ముందుగా ఇవే చిల్లు పడతాయి. ఎగ్జాస్టు మేనిఫోల్డ్ వెనక దాక్కుని ఉంటాయి. వాటిని చూడాలంటే బండి కిందికి దూరాల్సిందే.

గ్లైకాల్‌కి ఇంకో గుణం ఉంది, అది తియ్యగా ఉంటుంది. కుక్కలు నాకుతాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు పాడవుతాయి, ప్రాణం పోవచ్చు. 2012 చివర్లో అమెరికా తయారీదారులు దుకాణాల్లో అమ్మే కూలెంట్‌లో చేదు కలపడానికి ఒప్పుకున్నారు. కానీ మీ పాత ట్రక్కులో ఉన్నది ఎప్పటిదో ఎవరికి తెలుసు? కారిన చోట వెంటనే తుడవండి. వంచిన కూలెంట్‌ని మూతున్న డబ్బాలో పోసి, కౌంటీ ప్రమాదకర చెత్త సేకరణ కేంద్రంలో ఇవ్వండి.

మూత కింద పీడనం

తర్వాత వచ్చిన మార్పు రేడియేటర్ మూత. ప్రెషర్ కుక్కర్ వాడిన ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. పీడనం పెంచితే మరిగే వేడి పెరుగుతుంది. సగం సగం కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతుంది. దాని మీద 15 పీఎస్‌ఐ పీడనం పెడితే సుమారు 129 దాకా మరగదు. కాబట్టి ఇంజన్ ఎక్కువ వేడి మీద నడిచినా కూలెంట్ మరగదు, రేడియేటర్ చిన్నదైనా సరిపోతుంది.

దీని వల్ల రెండు సంగతులు జరిగాయి. ఒకటి ప్రాణానికి సంబంధించింది. వేడి మీద మూత తిప్పితే పీడనం ఒక్కసారిగా పడిపోయి, 110 డిగ్రీల మీద ఉన్న కూలెంట్ అక్కడికక్కడే ఆవిరై మొహం మీదికి లేస్తుంది. కుక్కర్ మూత ఆవిరి పోకుండా తీయం కదా, ఇదీ అంతే. ఇంజన్ చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాకే తీయాలి.

రెండోది మన శ్రోతల ప్రశ్నకి నేరుగా జవాబు. చాలా లీకులు పీడనం ఉన్నప్పుడే తెరుచుకుంటాయి. హైవే మీద కారిన చుక్క గాలికి కొట్టుకుపోతుంది, లేదా వేడి ఇనుము మీద పడి ఆవిరైపోతుంది. బండి ఇంటికొచ్చి చల్లారేసరికి పీడనం పోయి లీకు మూసుకుంటుంది. డ్రైవ్‌వే పొడిగా ఉందంటే లీకు లేదని కాదు.

కాబట్టి పీడనాన్ని మనమే తేవాలి. రేడియేటర్ మూత చోట బిగించే చేతి పంపు ఉంటుంది, ప్రెషర్ టెస్టర్ అంటారు. చాలా ఆటో పార్టుల షాపులు డిపాజిట్ తీసుకుని అప్పుగా ఇస్తాయి, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కిస్తాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం దాకా కొట్టి, పావుగంట నుంచి అరగంట ఆగండి. ముల్లు దిగితే లీకు ఉన్నట్టే. అప్పుడు తడి కోసం వెతకండి. చల్లటి ఇంజన్ మీద పడిన చుక్క ఆవిరి కాదు, కాబట్టి దొరుకుతుంది. మూతని కూడా అదే పంపుతో పరీక్షించవచ్చు. స్ప్రింగు నీరసించిన మూత వల్లే కూలెంట్ పొంగి పోయిందని తేలితే, కొద్ది డాలర్లతో పని అయిపోతుంది.

1996: ప్లాస్టిక్ గ్యాస్కెట్ల కాలం

ఇప్పుడు మన శ్రోతల్లో చాలామంది దగ్గర ఉన్న బండి దగ్గరికి వద్దాం. 1996 నుంచి 1999 దాకా వచ్చిన షెవ్రొలే పూర్తి సైజు పికప్, 5.7 లీటర్ల వోర్టెక్ వీ8. ఈ ఇంజన్ వంశం 1955 నాటి స్మాల్ బ్లాక్‌ది. గట్టి పిండం. కానీ 1996లో పైభాగం మారింది. సిలిండర్ హెడ్లు పోత ఇనుము, వాటి మధ్య కూర్చున్న ఇన్‌టేక్ మేనిఫోల్డ్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఈ రెండూ ఒకదాని మీద ఒకటి కాస్త రాపాడతాయి. ఆ రాపిడిని ఓర్చుకోవాల్సింది మధ్యలో ఉన్న గ్యాస్కెట్. అది ప్లాస్టిక్ చట్రం మీద సన్నటి సిలికాన్ అంచుతో చేసినది. ఏళ్ళు గడిచేసరికి చట్రం పెళుసుబారుతుంది, అంచు చదునైపోతుంది. కూలెంట్ దారులున్న మూలల దగ్గర లీకు మొదలవుతుంది.

అది వెనక మూలలో లీకైతే ఇంజన్ వెనక నుంచి గేర్‌బాక్సు మీదికి కారుతుంది. కింద నుంచి చూసిన వాళ్ళు ఆయిల్ సీలు పోయిందనుకుంటారు. లోపలి వైపు లీకైతే కూలెంట్ నేరుగా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. బయట చుక్క ఉండదు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలెక్కువైన కాఫీ రంగులో ఉంటుంది. అది చూశాక ఇంక బండి నడపకండి. గ్లైకాల్ కలిసిన ఆయిల్ బేరింగుల్ని కాపాడలేదు. అయితే ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే కాస్త మీగడలా ఉంటే కంగారుపడొద్దు. చలికాలంలో దగ్గర దూరాలు తిరిగే బళ్ళలో గాలిలోని తేమ వల్ల కూడా అలా అవుతుంది.

అదే సమయంలో జనరల్ మోటార్స్ నారింజ రంగు డెక్స్‌కూల్‌కి మారింది. పాత ఆకుపచ్చ కూలెంట్‌ని రెండేళ్ళకోసారి మార్చాలి, ఇది ఐదేళ్ళు ఆగుతుందన్నారు. వ్యవస్థ నిండుగా ఉన్నంతవరకు బాగానే పనిచేసింది. మట్టం తగ్గి గాలి చేరిన చోట మాత్రం తుప్పురంగు బురద కట్టిందని యజమానులు ఫిర్యాదు చేశారు. గ్యాస్కెట్ల మీదా దావాలు పడ్డాయి. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ రాజీకొచ్చింది. 2008లో ఆమోదం పొందిన ఆ ఒప్పందం కింద అర్హులైన యజమానులకి 50 నుంచి 800 డాలర్ల దాకా వచ్చింది. తప్పెవరిదన్న వాదన ఎలా ఉన్నా, ఇప్పుడు పాత బండి కొన్నవాళ్ళకి అందులో పనికొచ్చే పాఠం ఒకటుంది. మట్టం తగ్గనివ్వడమే అసలు ప్రమాదం.

ఈ గ్యాస్కెట్ మార్చడం ఓపికున్న మనిషికి ఒక వారాంతం పని. మేనిఫోల్డ్ గుండా డిస్ట్రిబ్యూటర్ దిగి ఉంటుంది కాబట్టి, తీసే ముందు రోటర్ ఎటు చూస్తోందో గుర్తు పెట్టుకోవాలి. పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు ముక్కలు లోపల పడకుండా గుడ్డలు కుక్కాలి. కొత్తది ఉక్కు పలక ఉన్న రకం తీసుకోవడం మేలు. బోల్టులు ఎనిమిదే. చెప్పిన వరసలో, మూడు విడతలుగా బిగించాలి. చివరి బిగింపు 11 అడుగు-పౌండ్లే. "ఇంకాస్త గట్టిగా" అని బలం చూపిస్తే కొత్త గ్యాస్కెట్ కూడా నలుగుతుంది. తర్వాత ఆయిల్, ఫిల్టర్ తప్పకుండా మార్చాలి. అంతా విప్పి ఉన్నప్పుడే మేనిఫోల్డ్ మీద హీటర్ హోస్ తగిలించే లోహపు కనెక్టర్ కూడా మార్చేయండి. అది తుప్పు తిని, ముట్టుకుంటే విరిగేంత బలహీనపడటం ఈ బళ్ళలో మామూలే.

సబ్‌మెరైన్‌కి పోసిన డబ్బా

"ఇంత పనెందుకు, స్టాప్ లీక్ డబ్బా ఒకటి పోస్తే పోదా?" అనే ప్రశ్న కూడా వస్తుంది. ఇది కొత్త ఆశ కాదు. వెనకటి డ్రైవర్లు రేడియేటర్‌లో గుడ్డు సొన, మిరియాల పొడి, ఆవపొడి కూడా వేసేవాళ్ళు. డబ్బాకి దక్కిన గొప్ప గౌరవం మాత్రం 1958లో. అమెరికా తొలి అణు జలాంతర్గామి నాటిలస్ ఉత్తర ధ్రువం కింద నుంచి వెళ్ళే రహస్య యాత్రకి సిద్ధమవుతుండగా, దాని కండెన్సర్‌లోకి సముద్రపు నీరు లీకవుతోంది. ఎక్కడో దొరకలేదు. సిబ్బంది మామూలు బట్టలేసుకుని సియాటిల్ దుకాణాల్లో తిరిగి 140 క్వార్టుల కారు స్టాప్ లీక్ కొనుక్కొచ్చారు. లీకు ఆగింది. ఆగస్టు 3న నాటిలస్ ధ్రువం దాటింది.

కథ బాగుంటుంది, కానీ వాళ్ళు కొనుక్కున్నది గడువు మాత్రమే. మీ ట్రక్కులో కూడా అంతే. రేడియేటర్‌లో సూది మొనంత చిల్లుంటే, ఇల్లు చేరడానికి డబ్బా పనికొస్తుంది. కదిలే గ్యాస్కెట్‌ని, అరిగిన పంపు సీలుని అది అతికించలేదు. పైగా హీటర్ కోర్‌లోని సన్న గొట్టాల్ని కూడా మూసేస్తుంది.

వెతికే వరస

ఇంతవరకు చెప్పిన చరిత్రని పనిలో పెడితే వరస ఇలా వస్తుంది. చవకైనవి, పైకి కనపడేవి ముందు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి గుర్తు పెట్టండి. మూత పరీక్షించండి. హోస్ చివర్లు, పంపు కింద కన్నం, రేడియేటర్ పక్కన ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అంచు చూడండి. ప్రెషర్ టెస్టర్ బిగించి మేనిఫోల్డ్ మూలలు, ఫ్రీజ్ ప్లగ్గులు చూడండి. బండి లోపల తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు పొగమంచు, ప్రయాణికుడి కాళ్ళ దగ్గర తడి ఉంటే అది హీటర్ కోర్. ఇవేవీ కాక సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి. రేడియేటర్ మూత దగ్గర పెట్టే నీలం ద్రవం పరీక్ష ఒకటుంది. ఇంజన్‌లో కాలిన వాయువు కూలెంట్‌లో చేరుతుంటే ఆ నీలం పసుపుగా మారుతుంది. లీకు ఏదో తేలేదాకా ఒక్క పార్టు కూడా కొనకండి.

ఇక మొదటి ప్రశ్న. పోస్తూ పోతే సరిపోతుందా? పాత పికప్ మనలో చాలామందికి సరదా బండి కాదు. ఒకరికి అది క్యాటరింగ్ సామాను మోసేది, ఇంకొకరికి అద్దె ఇళ్ళ మరమ్మతుల బండి. ఇవాళ కూలెంట్ పోయడానికి అయ్యే ఖర్చు తక్కువే. కానీ కూలెంట్ పోయే చోటు ఒకేలా ఉండదు, పెరుగుతుంది. ఒకరోజు ఎండలో, బరువుతో, ట్రాఫిక్‌లో ముల్లు ఎర్ర గీత దాటుతుంది. హెడ్ వంకరపోతే, గ్యాస్కెట్ ఖరీదులో పోవాల్సింది ఇంజన్ ఖరీదు అవుతుంది. చాలా పాత ట్రక్కులకి అది బండి విలువకంటే ఎక్కువ. బెర్తా బెంజ్ పోస్తూ పోయారంటే ఆ బండిని చేసిందే అలా కాబట్టి. మన బళ్ళని అలా చేయలేదు. ముల్లు పైకి లేవడం చూశారంటే హీటర్ ఫుల్లుగా పెట్టి, పక్కకి తీసి, ఇంజన్ ఆపేయండి. మూత ముట్టుకోకండి. చల్లారాక టో ట్రక్కుని పిలవండి.